మ్యాపులో దాచుకున్న మాటలు

విజయనగరం నుంచి ఉద్యోగానికి చెన్నై వచ్చి ఏడాదైంది. ఎవరితోనూ స్నేహం కుదరలేదు. మా కంపెనీ తయారుచేసే ఫోను మ్యాపులో, ఎక్కడ తెలుగు వినిపిస్తే అక్కడ ఒక గుర్తు పెట్టి, విన్న మాట రాసుకునేదాన్ని. ఆ మనుషుల్ని పలకరించే ధైర్యం మాత్రం ఉండేది కాదు.

ఒకరోజు నా ఖాతాలో మ్యాపు బిగుసుకుపోయింది. దాన్ని నడిపే ప్రోగ్రాం స్క్రిప్టు ఎక్కడ చిక్కుకుందో తెలియక, మీటింగులో నా గుర్తుల జాబితాను పెద్ద తెర మీద పెట్టించారు మేనేజరు.

"తెలుగు అక్షరాల వల్లేమో. ఏం రాశావో ఇంగ్లీషులో చెప్పు" అన్నారు.

"వ్యాసర్పాడిలో ఒకావిడ కరివేపాకు కొసరడుగుతోంది. మనలి బస్సులో ఎవరో వాళ్లమ్మకి, అన్నం తిన్నానని చెబుతున్నాడు..."

ఎవరో నవ్వారు. చివరికి తప్పు అక్షరాలది కాదు. రాయపురంలో ఒకే చోట రెండు గుర్తులు పెట్టాను. వాటిని విడదీయబోయి స్క్రిప్టు ఆగకుండా తిరుగుతోంది. ఒకటి తీసేస్తే మ్యాపు తెరుచుకుంది.

తలవంచుకుని సీటుకొచ్చాను. పక్క సీటు సెల్వి నా వైపు వంగింది.

"మా ఇంట్లోనూ తెలుగేమ్మా. నువ్వు ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడతావని నేనూ అట్నే ఉండిపోయినా. ఈడ కూడా ఒక గుర్తు పెట్టు."

ఊరంతా చెవులు రిక్కించి తిరిగిన నేను, ఏడాదిగా ఆ పక్క కుర్చీ వైపు ఒక్క తెలుగు మాటైనా విసరలేదు.