ఉరి వద్దన్న ఆమె

ప్రొద్దుటూరులో నేను సర్కారు వకీలు దగ్గర జూనియర్‌గా ఉన్నప్పుడు జమ్మలమడుగు వైపు నుంచి ఒకామె వచ్చేది. ఫ్యాక్షన్ గొడవల్లో ఆమె భర్తను బాంబులేసి చంపారు. కుర్చీ చూపించినా కూర్చునేది కాదు. గడప పక్కన నేలమీద కూర్చుని మెడలోని సిలువను పట్టుకునేది.

"నీ మొగుణ్ని చంపినవానికి ఉరిశిక్షే అడుగుతా," అన్నారు మా సీనియర్.

"ఉరి వద్దు సామీ."

క్షమించిందనుకుని, ఆ మాటే అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

"క్షమించేదేందప్పా? సర్కారు ఉరేసినా సాక్ష్యం చెప్పింది మేమే కదా. మేం చంపినట్టే వాని మనుషులకు. నా కొడుకును బతకనిస్తారా?"

యావజ్జీవం పడింది. ఏళ్ల తర్వాత ప్రభుత్వం మారి వాడు విడుదలయ్యాడు. వారం తిరక్కముందే ఎర్రగుంట్ల బస్టాండులో ఆమె కొడుకే వాణ్ని నరికాడు.

అప్పటికి సర్కారు వకీలును నేనే. చచ్చినవాడి భార్యతో, "ఉరే అడుగుతానమ్మా," అంటుండగా ఆ జమ్మలమడుగామె లోపలికొచ్చింది. ఎప్పటిలాగే గడప పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా చచ్చినవాడి భార్యతో మెల్లగా అంది.

"నీగ్గూడా కొడుకుండాడు కదమ్మా."

బతిమాలిందో బెదిరించిందో నాకు తెలియలేదు. చచ్చినవాడి భార్య నా వైపు తిరిగింది.

"ఉరి వద్దు సామీ," అంది.