కారు కింద అట్టముక్క

మా ఆవిడ ఒక మాట అందంటే వెనక్కి తీసుకునే మనిషి కాదు. నేను పాత కారు కొని ఇంటికి తెచ్చిన మూడో రోజు పొద్దున్నే, మామిడికాయలు పోసే షెడ్డులో కొత్తగా చేయించిన సిమెంటు గచ్చు మీద అరచెయ్యంత నల్ల మరక కనిపించింది. చీపురు చేత్తో పట్టుకునే, "ఆ చుక్క ఆగేదాకా నేను ఈ బండెక్కను" అంది. ఆరు నెలలు నిజంగానే ఎక్కలేదు.

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. ఆ గచ్చు కోసం నా వెంట ఎన్నేళ్ళు పడిందో నాకు తెలుసు. పైగా మా తోట రసాలు పక్కనున్న వాసనల్ని ఇట్టే పట్టేస్తాయి. ఇంజిన్ ఆయిల్ కంపు కొట్టే కాయని ఏ వ్యాపారి మాత్రం కొంటాడు?

కారు సంగతి కూడా చెప్పాలి. నేను కొనేనాటికే దానికి పదహారేళ్ళు. విజయవాడలో ఒక డాక్టరుగారు ముచ్చటపడి కొనుక్కుని, ముచ్చట తీరాక వదిలించుకున్న విదేశీ బండి. కంపెనీ పేరు రాయను. తప్పు కంపెనీది కాదు, వయసుది. తోలు సీట్లు, డాష్‌బోర్డు మీద చెక్క పట్టీ. తలుపు వేస్తే బియ్యం బస్తా దించినట్టు మెత్తగా, బరువుగా చప్పుడయ్యేది. నూజివీడు సెంటర్లో ఆపితే ఆటోవాళ్ళు తొంగి చూసేవారు. ఆ చూపులు నాకు నచ్చేవి, అబద్ధమెందుకు?

కానీ కొన్నది ఆ చూపుల కోసం కాదు. మా ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. బస్సు మెట్టెక్కాలంటే కండక్టరు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకోవాలి. ఆటో ఎక్కితే ప్రతి గుంతకీ పళ్ళు బిగబట్టేది. పైకి మాత్రం ఏమీ అనదు. ఆ అనకపోవడమే నాకు బాధ. ఈ సీటు మీద కూర్చుంటే ఆవిడ మోకాలికి నొప్పి తెలియదని, కొనే రోజు నేను అయిదుసార్లు ఎక్కి దిగి మరీ చూసుకున్నాను.

వైశాఖంలో చింతలపూడిలో వాళ్ళ చెల్లెలు కొత్తింట్లో చేరుతోంది. ఆ కబురు వచ్చేసరికి నేను బండి కొని అయిదు నెలలైంది, గృహప్రవేశానికి ఇంకా అయిదు వారాలుంది. "చుక్క ఆగితే మీ బండిలో వస్తా. ఆగకపోతే నేను బస్సులో పోతా, మీరు వెనకాల మీ కారులో ఒక్కరే దర్జాగా రండి" అని తేల్చి చెప్పింది.

ముందు విజయవాడలో ఒక పెద్ద షాపుకి తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న అబ్బాయి బండి కిందకి ఒక్కసారి వంగి చూసి, "ఇంజిన్ దించాలండీ" అన్నాడు. ఎక్కడి నుంచి కారుతోంది నాయనా అంటే, "దించాకే తెలుస్తుందండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పొట్ట కోస్తేగానీ నొప్పెక్కడో చెప్పలేని వైద్యం నాకొద్దని బండి తిప్పుకొచ్చేశాను. దారి పొడుగునా ఆ అబ్బాయిని తిట్టుకుంటూనే ఉన్నాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు.

హనుమాన్ జంక్షన్‌లో లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. కళ్ళజోడుకి ఒకవైపు కాడ పోతే దారం కట్టుకుని చెవికి తగిలించుకుంటాడు. మా తోట ట్రాక్టరుకి ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. మోపెడ్ వేసుకుని వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏ దేశందైనా ఇంజినే కదండీ, చూద్దాం" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బండి కింద దూరి, ఇంజిన్ అడుగున నూనె నిలవుండే ఛాంబర్‌కి ప్యాకింగ్ మార్చాడు. రెండు రోజులు గచ్చు పొడిగా ఉంది. మూడో రోజు మళ్ళీ చుక్క. నూనె దించే బోల్టుకి కొత్త వాషర్ వేశాడు. మళ్ళీ చుక్క. ఆయన నెత్తి గోక్కున్నాడు. "కిందంతా తడేనండీ, ఎక్కణ్ణుంచో పోల్చుకోవడం కష్టం. శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పౌడరు చల్లి, బండి స్టార్ట్ చేసి చూడాలి. నూనె నడిచిన దారి పౌడరు మీద గీత పడుద్ది" అని చెప్పి, ఆ సాయంత్రం డీజిలుతో ఇంజినంతా తళతళలాడేలా కడిగాడు. మర్నాడు పౌడరుతో వస్తానని మోపెడ్ ఎక్కాడు.

మర్నాడు పదిన్నరైనా ఆయన జాడ లేదు. నాకు ఓపిక తక్కువ. పౌడరే కదా, ఎవరు చల్లితేనేం అనుకున్నాను. షెడ్డు మూల గంధకం పొడి అర బస్తా ఉంది. పూత మీద బూడిద తెగులు వస్తే మేం చల్లేది అదే. మెత్తగా, పసుపుపచ్చగా, నూనె పడితే గీత ఇట్టే కనిపించేలా ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. చెట్లకి చల్లే గుడ్డసంచిలో పోసుకుని, బానెట్ ఎత్తి, అలవాటైన చేత్తో పూత మీద చల్లినంత ధారాళంగా చల్లేశాను. స్టార్ట్ చేశాను.

అయిదు నిమిషాలు అంతా బాగానే ఉంది. సైలెన్సర్ గొట్టం వేడెక్కాక మొదలైంది. పసుపు పొగ లేచింది. ఆ వాసన ఎలా చెప్పాలి? మురిగిన గుడ్లు వంద ఒక్కసారి పగిలితే ఎలా ఉంటుందో అలా. కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, తిడుతూ తోటలోకి పరుగెత్తారు. నేను కళ్ళు మండిపోతూ తాళం చెవి కోసం తడుముకుంటుంటే, మా ఆవిడ వాకిట్లోంచి కేకేసింది.

"ఏవండీ! బండికి బూడిద తెగులు గానీ వచ్చిందా?"

తోట మొత్తం పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, కాకపోతే దగ్గు తగ్గాక.

మేస్త్రి వచ్చేసరికి వాసన ఇంకా పోలేదు. సంగతి విని తల పట్టుకున్నాడు. "మొహానికి రాసుకునే పౌడరండీ నేను చెప్పింది! అంటుకుంటే ఏమయ్యేది?" అని నన్ను చిన్నపిల్లాణ్ణి కోప్పడ్డట్టు కోప్పడ్డాడు. మళ్ళీ కడుగుడు, మళ్ళీ ఆరబెట్టుడు. అంతా అయ్యాక మా ఆవిడ లోపలికెళ్ళి తన పౌడరు డబ్బా తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టింది. తనే ఒక ముక్కాలిపీట లాక్కుని బండికి రెండు గజాల దూరంలో కూర్చుంది. బండెక్కనన్నాక ఆవిడ అంత దగ్గరికి రావడం అదే మొదలు. నాకు లోలోపల పండగే, పైకి మాత్రం తేలనివ్వలేదు.

బండి నడుస్తోంది. నేనూ మేస్త్రీ చెరో పక్కా నేల మీద పడుకుని, టార్చి వేసి ఛాంబర్ వైపే చూస్తున్నాం. చుక్క తయారైంది గానీ అది వచ్చిన దారి తెలియడం లేదు. పావుగంట మా అవస్థ చూసి ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"ఇద్దరూ అడుగునే చూస్తారేంటండీ? కాయ మీద సొన మచ్చ ఎక్కడుంటే సొన అక్కడే పుట్టిందా? ముచ్చిక దగ్గర తెగితే కిందదాకా జారుద్ది. పైన చూడండి."

మామిడికాయ కోసిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే అది. అందుకే కోసిన కాయని తొడిమ ఉండే ముచ్చిక కిందికి పెట్టి సొన కార్చేస్తాం, చర్మం మీదికి జారి మచ్చ పడకుండా. నలభై ఏళ్ళుగా నేను చేస్తున్న పని. కారు ముందు పడుకునేసరికి అంతా మర్చిపోయాను.

మేస్త్రి లేచి, ఇంజిన్ వెనకవైపు, చెయ్యి సగమే దూరే సందులోకి చిన్న అద్దం పెట్టి టార్చి వేశాడు. ఇంజిన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ అంచు నుంచి తెల్లటి పౌడరు మీద సన్నటి నల్ల గీత కిందికి దిగుతోంది. ఆయన అద్దం నా చేతికిచ్చి, "చెల్లెమ్మా, నా సర్వీసంతా నీ ముందు బలాదూరమ్మా" అన్నాడు. ఆవిడ పౌడరు డబ్బా మూత బిగించుకుని, ఏమీ పట్టనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది. నడకలో మాత్రం కాస్త గర్వం కనిపించింది.

కవర్ విప్పితే లోపలి ప్యాకింగ్ ముదురుపాకం అచ్చులా టిక్కుమని విరిగింది. రబ్బరు అన్న లక్షణమే లేదు. కొత్తది విజయవాడ నుంచి బస్సు పార్శిల్లో వచ్చింది. మేస్త్రి బోల్టుల్ని ఒక్కసారిగా కాకుండా ఈ మూలది కొంచెం, ఆ మూలది కొంచెం మార్చి మార్చి బిగించాడు. నేను స్పానర్ అందుకుని ఇంకో చుట్టు తిప్పబోతే నా చెయ్యి మీద ఒక్కటి వేశాడు. మామిడి అట్టపెట్టె ఒకటి విప్పి పరిచి, దాని మీద బండి నిలిపాం. ఇక రోజూ పొద్దున్నే నాకు మొదటి పని అట్ట చూడటం.

తొమ్మిది రోజులు పొడిగా ఉంది. పదోరోజు రూపాయి బిళ్ళంత మచ్చ. గృహప్రవేశం ఇంకో వారమే ఉంది. కోపంతో టైరుని ఒక్క తన్ను తన్నాను. టైరుకేమీ కాలేదు, నా బొటనవేలు వాచింది. మా ఆవిడ పసుపు రాసి గుడ్డ కట్టింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. "పోనీలెండి" అంది. ఆ పోనీలెండికి నా మనసు చివుక్కుమంది.

మేస్త్రి మాత్రం కంగారు పడలేదు. బండి నడుస్తుండగానే నూనె పోసే మూత తీశాడు. గుప్పుగుప్పున పొగ ఆయన మొహం మీదికి కొట్టి కళ్ళజోడు జిడ్డు పట్టింది. "అదండీ సంగతి. దీనికి ఊపిరాడట్లేదు" అన్నాడు. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు ఊడదీస్తే, చింతపండు గుజ్జులాంటి మడ్డి లోపలంతా గడ్డకట్టి ఉంది. ఆవిరి పోయే దారి లేక నూనెని ఎటు సందుంటే అటు తోసేస్తోందన్నమాట. కాయల పెట్టెకి గాలి కన్నాలు పెట్టకపోతే లోపల ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. పైపు మార్చాడు, ప్యాకింగ్ మళ్ళీ సరిచేసి కూర్చోబెట్టాడు. మూత తీసి చూస్తే ఇంజిన్ నిమ్మళంగా ఉంది. ఆయనకి బుట్టెడు చిన్న రసాలు మోపెడ్‌కి కట్టి పంపాను.

ఆ తర్వాత వారం రోజులూ అట్ట పొడిగానే ఉంది. మా ఆవిడ కరివేపాకు కోయడానికి షెడ్డు వైపు రావడం మొదలుపెట్టింది. మా కరివేపాకు చెట్టు షెడ్డు వైపు లేదు. నేను చూడనట్టే ఉన్నాను.

ప్రయాణం రోజు పొద్దున్న బండి కడిగి తుడిచాను. అట్ట చూశాను, పొడి. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఆవిడ ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలని బండి స్టార్ట్ చేసి ఉంచి, లోపలికెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాను. వచ్చి చూస్తే అట్ట మీద చేటంత తడి, నల్లగా.

ఆవిడ ఇంకా లోపల చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. అట్ట లాగేసి పెట్టెల వెనక పారేస్తే ఆమెకి తెలియదు. లాగాను కూడా. సగం బయటికొచ్చాక నా చెయ్యి ఆడలేదు. ఆరు నెలలు మాట మీద నిలబడ్డ మనిషిని అట్టముక్కతో మోసం చేసి ఎక్కించుకుంటే ఆ సీటు మీద ఆవిడ కూర్చున్నా నాకు సుఖం ఉండదు. అట్ట ఉన్న చోటికే తోసి, గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

"చుక్క పడిందే. ఆటో పిలుస్తాను, బస్టాండుకి పద" అన్నాను.

పట్టుచీర కొంగు దోపుకుని వచ్చింది. స్తంభం పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని మెల్లగా వంగింది. వేలితో తడి అద్ది, బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏసీ వేశారా?"

"నీకు చల్లగా ఉంటుందని..."

"ఇవి నీళ్ళండీ. ఏసీ నీళ్ళు. నూనెకీ నీళ్ళకీ తేడా తెలియదా మీకు?"

తెలుసు. భయంతో ముట్టుకునే చూడలేదు. ఆవిడ స్తంభం పట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. నాకు నవ్వుతోపాటు కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. దాచుకోలేదు. తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ ముందు సీటు మీద కూర్చుని, ఒక్కో కాలూ లోపలికి తిప్పుకుంది. ఎక్కడా పళ్ళు బిగబట్టలేదు. ఊరు దాటాక సీటు వెనక్కి వాల్చుకుని, తలుపులో అద్దం మీటని నాలుగుసార్లు పైకీ కిందికీ నొక్కి చూసుకుంది.

చింతలపూడిలో కొత్తింటి ముందు బండి ఆపాను. వాళ్ళ చెల్లెలు గేటు దగ్గరే ఎదురొచ్చింది. మా ఆవిడ ఒక కాలు బయట పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుని కిందకి చూసింది.

"అక్కా, చెప్పులేవే?" అంది చెల్లెలు.

ఆవిడ నా మొహం చూసింది. గుమ్మంలో విడిచినట్టు కారు ఎక్కేముందు షెడ్డులోనే విడిచేసింది. తలుపు పట్టుకుని నిలబడ్డవాణ్ణి, నేనూ గమనించలేదు.

"ఉంటాయిలేవే అక్కడే" అంది, నా భుజం పట్టుకుని లేస్తూ. "మళ్ళీ పోయేదీ ఈ బండిలోనేగా."

నా చెప్పులు విడిచి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాను. అవి తొడుక్కుని, చెల్లెలి చెయ్యి పట్టుకుని నిదానంగా గేటులోకి నడిచింది. వైశాఖం ఎండకి కాలిపోతున్న రోడ్డు మీద నేను వట్టికాళ్ళతో గెంతుకుంటూ వాళ్ళ వెనకాలే వెళ్ళాను.