సువార్తమ్మ గొంతు కోసం చేసిన ఉపవాసం

1984లో నేను గుంటూరులో ఉంటూ చర్చి సంఘాల క్వాయర్లకు, అంటే పాటల బృందాలకు, పాట నేర్పేవాణ్ణి. గురువారం, శనివారం సాయంత్రాలు బస్సెక్కి చిలకలూరిపేట వెళ్ళేవాణ్ణి. అక్కడ పత్తి జిన్నింగ్ మిల్లుల వెనక ఒక రేకుల చర్చి ఉండేది. నేను నేర్పేది కొత్త పాటలు కాదు, గొంతు చించుకోకుండా పాడే పద్ధతి. "దేవుడిచ్చిన గొంతు కదా మాస్టారూ, దానికి పాఠాలేందండీ?" అని నవ్వేవాళ్ళు. దేవుడిచ్చిన పొలాన్ని దున్నడం లేదా అనేవాణ్ణి.

ఆ చర్చిలో బైబిలు స్త్రీ సువార్తమ్మ. ఇల్లిల్లూ తిరిగి పాట పాడి, వాక్యం చెప్పి, ప్రార్థన చేయడం ఆవిడ ఉద్యోగం. భర్త లేడు, ఆ పనే ఆధారం. ఆ ఏడు ఆవిడ గొంతు పోయింది. పై స్వరానికి వెళ్ళేసరికి గాలి తప్ప శబ్దం రావడం లేదు. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "ఈ ఏటి సంఘం మహాసభల్లోగా బాగుపడకపోతే వేరే మనిషిని చూడమంటున్నారు సంఘ పెద్దలు. ఏం చేస్తారో మీరే చూడండి" అన్నారు.

గొంతులో రెండు సన్నని పొరలు ఒకదానికొకటి తగులుతూ శబ్దాన్నిస్తాయి. వాటినే వోకల్ కార్డ్స్ అంటాం. ఆవిడ చూపించుకున్న డాక్టరు గారు గొంతులో అద్దంతో చూసి గడ్డలేమీ లేవు, ఒరుసుకుని వాచాయంతే అన్నారు. నేను హమ్మింగ్‌తో మొదలుపెట్టాను, అంటే పెదవులు మూసుకుని మెల్లగా రాగం తీయడం. ఊపిరి పొట్టలోకి తీసుకోవడం నేర్పాను.

గురువారం పాఠం ముగిసేసరికి గొంతు చక్కగా పలికేది. శనివారం వెళితే మళ్ళీ రంపపు కోత. నాకు అంతుబట్టలేదు. హార్మోనియం మీద మగవాళ్ళకు సరిపోయే స్కేల్‌లో, అంటే స్థాయిలో, పాడుతోందేమోనని స్థాయి మార్చాను. లాభం లేకపోయింది. మిల్లుల నుంచి ఎగిరే దూది నుసి అనుకుని మూతికి తడిగుడ్డ కట్టుకోమన్నాను. "బందిపోటనుకుని జనం తలుపులేసుకుంటున్నారు మాస్టారూ" అని ఆవిడ నవ్వింది, ఆ నవ్వులోనూ జీర. నేను నేర్చుకున్న పద్ధతే తప్పా? నేర్పే నాలో ఏదైనా పాపం ఉందా? మోకాళ్ళ మీద అడిగాను.

చివరికి పాస్టరు గారితో, "శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆవిడ గొంతు సంగతి పెట్టండి" అన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ తర్వాత గొంతు మరీ పాడైంది. ప్రార్థన పెట్టించాక ఎక్కువ కావడమేమిటో నాకు బోధపడలేదు. ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

శుక్రవారాలు నాకు గుంటూరులో క్లాసు. ఒక శుక్రవారం అది రద్దయితే చిలకలూరిపేట వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. చర్చికి ఇంకా దూరంగా ఉండగానే సువార్తమ్మ పాట వినిపించింది. పాట కాదది, పీక తెంచుకోవడం. లోపల యాభైమంది దాకా చాపల మీద కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. పాట ఆగినప్పుడు ఆవిడ పక్కకు వెళ్ళి, "ఎప్పటినుంచి పాడుతున్నావమ్మా?" అని అడిగాను.

"పొద్దున తొమ్మిదింటి నుంచండీ. ఇదివరకు గంటే. మీరు చెప్పాక మూడింటిదాకా పెంచారు."

"నీళ్ళేమైనా తాగావా?"

"ఉపవాసంలో నీళ్ళేందండీ! ఉమ్మి కూడా మింగకుండా చేస్తున్నాం."

"నీ గొంతు కోసం ప్రార్థన చేస్తూ నువ్వే పాడటమేమిటమ్మా?"

"నా గొంతు కోసమే కదండీ! నేను పాడకపోతే ఎట్టా?"

గురువారం బాగున్న గొంతు శనివారానికి ఎందుకు పోతోందో అప్పుడర్థమైంది. పాస్టరు గారింటి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆవిడ చెయ్యి చాపలేదు. "వీళ్ళంతా కూలి మానుకుని నా కోసం నోరు కట్టుకుని కూచున్నారు. వీళ్ళ ముందు తాగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది. నేనేమో పొద్దున గుంటూరులో నాలుగిడ్లీలు తిని వచ్చాను.

పాస్టరు గారు వచ్చి, "మీరడిగిందే చేస్తున్నాం కదా మాస్టారూ" అన్నారు. నిజమే. ఎండిన గొంతుతో అరిస్తే ఆ పొరలు ఎలా ఒరుసుకుంటాయో ఆయనకు చెప్పాను. ఉపవాసం తప్పని అనలేను, నేనూ చేసేవాణ్ణే. ఆయన సంఘం వైపు తిరిగి, "ఉపవాసం మనది. అమ్మాయి నీళ్ళు తాగుద్ది, నోరు మూసుకుని కూచుంటది" అన్నారు. చాపల మీద గుసగుసలు లేచాయి. ఒక ముసలామె మాత్రం గట్టిగా, "తాగవే తల్లీ, నీ అరుపుకి నా చెవులు పోతున్నాయి" అంది. సువార్తమ్మ తాగింది, ఏడుస్తూ.

తర్వాతి శుక్రవారాల్లో మిగతావాళ్ళు శ్రుతి లేకుండా పాడితే ఆవిడ మౌనంగా కూర్చుంది. సభల నాటికి గొంతు తిరిగొచ్చింది. మొదటి పాట ఆవిడే పాడింది. ఉద్యోగం నిలిచింది. సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పడానికి, లేచి, "సంఘం ఉపవాసంతో దేవుడు నా గొంతు తిరిగిచ్చాడు" అంది. నీళ్ళ సంగతి ఎత్తలేదు. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. అబద్ధానికి అన్నానా, నిజానికి అన్నానా? ఉపవాసం జరిగింది, గొంతు వచ్చింది. ఏది దేనివల్లో విడదీసి చెప్పే జ్ఞానం నాకు ఇప్పటికీ లేదు.

పని విషయంలో మాత్రం ఒకటి నేర్చుకున్నాను. పాఠానికి వచ్చినవాళ్ళను ముందు పాడమనను. నిన్నటి నుంచి ఏం తాగారు, ఎక్కడెక్కడ పాడారు అని అడుగుతాను. గొంతు పోయిన మనిషి కోసం సంఘాన్ని ప్రార్థన చేయమనే ముందు, ఆ మనిషిని ఇంటికి పంపించేస్తాను.