టింగుమనని ఉత్తరం

చిన్నప్పటి నుంచీ నాకొక అలవాటుంది. పొద్దుగూకేలోపు ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒక్కటి నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఒక్కటే, ఒక్క వరుసలో. వాన పడిందనో, జ్వరం తగ్గిందనో, కూర మాడలేదనో. అది మా నాన్న పెట్టిన అలవాటు. ఆయన ఉపదేశి. ఫాదర్లు రోజూ రాలేని పల్లెలకు సైకిలు మీద వెళ్ళి జపాలు చెప్పించేవాడు. ఏడాదికో రెండేళ్ళకో ఊరు మారేవాళ్ళం కాబట్టి నన్ను ఏ బళ్ళోనూ వెయ్యలేదు. జపాల పుస్తకం ముందు పెట్టుకుని, నేల మీద చింతగింజలు పేర్చి, ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆ గింజల్తోనే గుణింతాలు, ఆ గింజల్తోనే కూడికలు. తెలుగు ఎంత పెద్ద పుస్తకమైనా చదువుతాను, తప్పుల్లేకుండా రాస్తాను. వచ్చని చెప్పే కాగితం మాత్రం నా దగ్గర ఒక్కటీ లేదు.

పెళ్ళయి రెంటచింతల వచ్చాక మా వసారాలో సాయంత్రంపూట వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం మొదలెట్టాను. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. చదువు చెప్పే ఉద్యోగం ఒక్కటి దొరికితే బావుండునని మనసులో ఉండేది. రెండు మూడు చోట్ల అడిగాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. "ఆయాగా అయితే చూద్దామమ్మా, టీచరంటే పది పాసవ్వాలి గదా" అన్నారు. వాళ్ళ తప్పేముంది? కాగితం లేనిదాన్ని ఏ లెక్కన పెట్టుకుంటారు?

అలాంటిది, కిందటేడు ఈస్టరు ముందొచ్చే తపస్సు కాలం మొదలవ్వకముందు ఒక ఆదివారం, పూజ అయ్యాక ఫాదర్ గారు ఒక ప్రకటన చదివారు. చదువులో వెనకబడ్డ పిల్లల కోసం ఒక ట్రస్టు వాళ్ళు మన వైపు సాయంత్రం బడి ఒకటి పెడుతున్నారట, చెప్పడానికి ఒక మనిషి కావాలట. ఎక్కడ చెప్పే మనిషి దొరికితే ఆ ఊళ్ళోనే బడి. సర్టిఫికెట్లు అడగరట. చెప్పడం వస్తే చాలట. ఆ రోజే ఫాదర్ గారి దగ్గర నా పేరు రాయించాను.

నరసరావుపేటలో పరీక్ష. బస్సులో వెళ్ళేటప్పుడు సంచీలో గుప్పెడు చింతగింజలు వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు. అక్కడ ముగ్గురు కూర్చున్నారు. "మీ దగ్గరేముంటే దాంతో ఒక అక్షరం నేర్పండి" అన్నారు. నేను గింజలు తీసి బల్ల మీద 'మ' పేర్చాను. ఆ ముగ్గుర్లో ఒకావిడ కళ్ళజోడు తీసి ముందుకు వంగి చూసింది. లేచొచ్చేటప్పుడు, "రెండు గింజలు నాకిచ్చి వెళ్ళండమ్మా" అంది. ఆ రోజు నోటుపుస్తకంలో ఆ రెండు గింజల సంగతే రాశాను.

వచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పారు. "ఫలితం నెలలోపు మెయిల్లోనే వస్తుంది. వారంలో దానికే జవాబు రాయాలి. ఫోన్లు మేం చెయ్యం, మీరూ చెయ్యొద్దు." ఫోన్లంటే ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒక పెద్దమనిషి మధ్యలోకొచ్చి ఫలానా మనిషికే ఇవ్వాలంటాడని వాళ్ళ భయం. మా వైపు సంగతి తెలిసినవాళ్ళే అనుకున్నాను.

నాకు మెయిలు పెట్టిచ్చింది మాచర్లలో ఫోన్లు బాగుచేసే భాయ్. మా పెళ్ళినాటి రేడియో దగ్గర్నుంచీ మా ఇంట్లో ఏది చెడినా ఆయన దగ్గరికే. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీలు పోయి ఫోన్లొచ్చాయి, కొట్టూ మనిషీ అవే. నన్ను చెల్లెమ్మా అంటాడు. తన ఫోన్లోంచి "బాగున్నావా చెల్లెమ్మా" అని రాసి పంపాడు. నా చేతిలో ఫోను టింగుమంది.

"ఇంతే. ఉత్తరం వస్తే అదే అరుస్తది. నువ్వు దాని ఎంట పడబాక" అన్నాడు.

నేనూ ఆ మాటే పట్టుకున్నాను. ఉత్తరమొస్తే అరుస్తుంది, అరవలేదంటే రాలేదు.

మొదటి వారం బాగానే అరిచింది. చీరల కొట్టు వాళ్ళో, అప్పిస్తామనే వాళ్ళో. టింగుమన్నప్పుడల్లా పొయ్యి దగ్గర్నుంచి చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తేదాన్ని. పక్కింటి వదిన గోడ మీంచి చూసి నవ్వేది.

"ఏంది వదినా, కలెక్టరుగారు కబురంపాడా?"

"చీరల మీద సగానికి సగం తగ్గించారంట."

"నయం. నీకు ఉద్యోగమొస్తే ఆ చీరలు కట్టుకునేది నువ్వేగా. ఒకటి నాకని ముందే చెప్పి ఉంచు."

మార్చి మధ్యకొచ్చేసరికి మా ఊళ్ళో ఎండ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా ఇంట్లో సిగ్నలు వచ్చేది ఒక్క కిటికీ గట్టు మీదే. ఒక మధ్యాహ్నం ఫోను అక్కడే ఉండిపోయింది. చేత్తో పట్టుకుంటే పెనంలాగా చురుక్కుమంది. తెర నల్లబడిపోయింది. తడిగుడ్డ చుట్టి కుండ పక్కన పెట్టాను. చల్లబడి వెలిగిందాకా నా ప్రాణం నాది కాదు. ఈ వేసవి గడవదేమో, ఉత్తరం రాకముందే ఇది చస్తుందేమో అన్న భయంతో మర్నాడే మాచర్ల బస్సెక్కాను.

భాయ్ అప్పటికి రోజా ఉన్నాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆ రేకుల కొట్లో కూర్చుని పనిచేస్తున్నాడు. ఎండలు ముదిరే ముందు మా వైపు నుంచి వచ్చే ప్రతి ఫోనుకీ ఆయన ఊరికే ఒక పని చేసిపెడతాడు. లోపల్లోపల నడుస్తూ వేడి పుట్టించేవన్నీ ఆపేస్తాడు. దాన్ని ఎండాకాలం సర్వీసంటాడు. నా ఫోను తీసుకుని టకటకా ఏవేవో నొక్కి ఇచ్చాడు.

"ఇంక దీనికి చావు లేదు చెల్లెమ్మా. జూన్ దాకా చల్లగా ఉంటది."

నిజంగానే చల్లగా ఉంది. ఆ రోజు నోటుపుస్తకంలో భాయ్ చేసిన మేలు రాశాను.

ఆ తర్వాత ఫోను మళ్ళీ అరవలేదు.

చీరల వాళ్ళు కూడా అలిసిపోయారనుకున్నాను. రోజుకు రెండుసార్లు, పొద్దున జపమయ్యాక ఒకసారి, సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఒకసారి, మెయిలు తెరిచి చూసేదాన్ని. పాత ఉత్తరాలే కనపడేవి. అన్నిటికన్నా పైన ఇంగ్లీషులో సన్నటి పట్టీ ఒకటి వచ్చేది. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను గానీ అర్థం తెలియదు. ఫోన్లో ఏది తెరిచినా అట్లాంటి ప్రకటనొకటి అడ్డమొస్తుంది గదా, అదీ అలాంటిదే అనుకుని పక్కన ఉన్న ఇంటూ గుర్తు నొక్కి తీసేసేదాన్ని. రోజుకు రెండుసార్లు తీసేశాను.

మా ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఒళ్ళంతా బూడిద రంగుతో ఇంటికొచ్చి, నేను ఫోను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే, "ఏమే, దాన్ని ఊరికే చూస్తే గుడ్డు పెడతదా? ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. ముందు నీళ్ళు తోడు" అనేవాడు. తిట్టినట్టే ఉంటుంది గానీ, స్నానమయ్యాక తనే అడిగేవాడు, "వచ్చిందా?" అని.

ఒక శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన నుంచి నడిచి వస్తుంటే మనసులో నిశ్చయమైపోయింది. వాళ్ళు చెప్పిన గడువు దాటవచ్చింది. నన్ను తీసుకోలేదు. బాధపడకూడదనుకున్నాను. మా నాన్న చెప్పేవాడు, ఇచ్చినందుకు దండం పెట్టడం అందరూ చేస్తారమ్మా, ఇవ్వనందుకు పెట్టడం నేర్చుకోవాలి అని. ఇంటికొచ్చి, దీపాలు పెట్టే వేళకి నోటుపుస్తకం తీసి రాశాను. "ఆ ఉద్యోగం నాకు తగదని నీకు తెలుసు. ఇవ్వనందుకు స్తోత్రం."

చాలా తేలికపడ్డాను. మర్నాడు మెయిలు తెరవలేదు. ఆపై వారమంతా తెరవలేదు.

ఆ తర్వాతి సోమవారం చార్జరు పిన్ను వదులైందని మాచర్ల వెళ్ళాను. భాయ్ పిన్ను చూస్తూ అడిగాడు, "ఉత్తరం వచ్చిందా చెల్లెమ్మా?"

"రాలేదన్నా. మనకు రాసిపెట్టలేదులే."

"ఏదీ, చూద్దాం" అని మెయిలు తెరిచాడు. తెర మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి లాగాడు, గోనెసంచీ నోరు తెరిచినట్టు. చిన్న గుండ్రం ఒకటి తిరిగింది. టపటపా ఉత్తరాలు పడ్డాయి. చీరలు, అప్పులు, మళ్ళీ చీరలు. వాటి మధ్య ట్రస్టు వాళ్ళ పేరు.

నేను తీసుకుని చదివాను. తెలుగులోనే ఉంది. మిమ్మల్ని ఎంపిక చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం, శనివారం సాయంత్రం లోపు మీ అంగీకారం దీనికే జవాబుగా పంపండి అని ఉంది. పంపిన రోజు చూశాను. నేను స్తోత్రం రాసిన శుక్రవారానికి ముందు ఆదివారం. అంటే నేను నోటుపుస్తకం తీసే వేళకి ఆ ఉత్తరం ఐదు రోజుల్నుంచీ వచ్చి ఉంది. ఇంకా ఒక రోజు గడువుంది.

భాయ్ నా మొహం చూసి, ఫోను నా చేతిలోంచి తీసుకుని, ఎక్కడెక్కడో నొక్కి చూశాడు.

"రోజాలో ఉన్నాను, అబద్ధమాడను చెల్లెమ్మా" అన్నాడు. "ఆపింది నేనే. ఎండకని అన్నీ ఆపాను. ఉత్తరాలు దానంతటది తెచ్చుకోవడం కూడా ఆపేశాను. నీకు మెయిలు పెట్టిందీ నేనే, రోజుకు ఎన్ని ఫోన్లు చూస్తాను... గుర్తు లేదు. లాగి చూడమని కూడా చెప్పలేదు."

పైన ఆ ఇంగ్లీషు పట్టీ అప్పుడు కూడా ఉంది. ఏముందో చదివి చెప్పమన్నాను. "ఉత్తరాలు తెచ్చుకోవడం ఆపేసి ఉంది, కావాలంటే ఇక్కడ నొక్కండి అని" అన్నాడు. నేను పర్వాలేదన్నా అన్నాను. పిన్నుకి డబ్బు తీసుకోలేదు, నేను బలవంతపెట్టలేదు.

కొట్టు ముందే నిలబడి, ఉత్తరం అడుగున ఉన్న నంబరుకి, వద్దన్న ఫోను చేశాను. ఎత్తింది ఆ కళ్ళజోడు ఆవిడే. పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"చింతగింజలమ్మా! మీరు జవాబివ్వకపోతే మీకిష్టం లేదనుకున్నామమ్మా. ఆదివారం పొద్దున్నే తర్వాతి పేరుకి రాశాం. కారంపూడి ఆవిడ. గంటలో ఒప్పుకుంది."

"నాకు ఉత్తరం అందలేదండీ. ఇవాళే చూశాను."

"అయ్యో" అంది. తర్వాత మెల్లగా, "ఆవిడ శిక్షణ కూడా మొదలైందమ్మా. ఇప్పుడు వద్దని ఎట్లా చెప్పమంటారు?"

చెప్పమని నేనెట్లా అంటాను? ఆవిడకీ నాలాగే కాగితం లేదేమో. వచ్చే ఏడు ఉంటుందా అనడిగాను. "ఈ ఒక్క ఏడాదికే ఇచ్చారమ్మా, మాకూ తెలియదు" అంది. ఫోను పెట్టేముందు, "మీ గింజలు నా బల్ల మీదే ఉన్నాయమ్మా" అంది. ప్రేమగానే అంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. బనీను విప్పబోతున్నవాడు అట్లాగే ఆగిపోయాడు.

"అయితే వాళ్ళు ఇచ్చారు."

"ఇచ్చారు."

"నువ్వేమో ఇవ్వలేదని దండాలు పెట్టావు." కసిగా అన్నాడు, "నీ దేవుడికి ఫోను సెట్టింగులు తెలవ్వా ఏందే?"

అన్నవాడే గబుక్కున సిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ రాత్రి అన్నం ఇద్దరం సరిగా తినలేదు. పక్కింటి వదిన కూడా ఎట్లా విందో ఏమో, మర్నాడు గోడ మీంచి ఏమీ అనలేదు. ఆవిడ వేళాకోళం ఆడకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఇంత జరిగాక కూడా ఆ రాత్రి ట్రస్టు వాళ్ళకు జవాబు రాశాను. అంగీకరిస్తున్నాను అని. ఎందుకు రాశానంటే ఏం చెప్పను? ఉత్తరానికి జవాబు ఇవ్వకుండా ఎన్నడూ ఉండలేదు. పంపాక అది రెండు రోజులు పోలేదు. సిగ్నలు లేదో, ఇంకేమైనా ఆపి ఉందో. మూడో రోజు ఎప్పుడు పోయిందో పోయింది. తిరిగి ఏమీ రాలేదు.

నన్ను తొలిచేది ఉద్యోగం ఒక్కటే కాదు. ఆ శుక్రవారం నేను రాసిన వరుస. దేవుడు ఇవ్వలేదని రాశాను. ఆయన ఇచ్చాడు. ఆయన చెయ్యని పని ఆయన మీద పెట్టి, దానికి దండం కూడా పెట్టాను. అంతకుముందు రాసినవాటిలో ఇలాంటివి ఎన్నున్నాయో! దేవుని చిత్తమని ఊరుకున్న వాటిలో, ఎక్కడో ఎవరో ఏదో ఆపేసి మర్చిపోయినవి ఎన్నో! పాత పుస్తకాలు ట్రంకుపెట్టెలో కట్టలు కట్టి ఉన్నాయి. తీసి చూసే ధైర్యం లేదు.

ఆ వరుస కొట్టేద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను. దేవుడికి రాసింది కొట్టెయ్యవచ్చో లేదో మా నాన్న చెప్పలేదు. అట్లాగే ఉంచేశాను.

ఇప్పుడు ఫోను మళ్ళీ రోజంతా అరుస్తుంది. భాయ్ అన్నీ పెట్టేసి ఇచ్చాడు. ఎండకి కాలిపోతుంది, కాలితే కాలనీ. మా ఆయన, "ఇంకెవరి ఉత్తరం రావాలే నీకు?" అంటాడు. ఎవరిదీ రాదు. అయినా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బొటనవేలితో తెరని కిందికి లాగి చూస్తాను. గుండ్రం తిరిగి ఆగిపోతుంది.

పిల్లలు ఎప్పటిలాగే వస్తున్నారు. నోటుపుస్తకమూ మానలేదు. అది రాస్తుంటే మా నాన్న మొహం చూసినట్టుంటుంది. కాకపోతే ఇప్పుడు కంటికి కనపడ్డవే రాస్తున్నాను. నిన్న రాసింది ఇది: "కుళాయి వచ్చింది. రెండు బిందెలు పట్టాను."