మైనంలో ఆగిపోయిన మా అమ్మ పళ్ళు

మా బావ పళ్ళ సెట్లు చేస్తాడు. ముగ్గురు డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. మా మేడమెట్ల కింద గదిలో కూర్చుని ఆ నోళ్ళన్నీ నిలబెడతాడు. బావ కట్టిన సెట్టుతో ఒకాయన గోడలోని మేకు కొరికి పీకాడని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి అది మేకు కాదు, జామకాయ. కానీ బావ గొప్పతనం జామకాయతో చెబితే ఏం బాగుంటుంది?

అంతటి పనివాణ్ణి ఫోన్‌లోని ఒక ఆట పాడుచేసింది. దాన్ని అంటించింది కూడా నేనే.

ఆట పేరు 'ఆఖరి కోట'. మన వంతు మనం ఆడాలి, తర్వాత శత్రువు వంతు. చదరంగం లాంటిదే, కాకపోతే ఇందులో బంట్లకు ఆకలేస్తుంది. బావ పనికి అతికినట్టు సరిపోయింది. చేతుల నిండా ప్లాస్టర్ ఉన్నంతసేపూ సైన్యం ఎక్కడిదక్కడే నిలబడి ఉంటుంది. మిగతా ఆటల్లో ముక్కు గోక్కునే లోపు చచ్చిపోతాం. ఇంత మర్యాద తెలిసిన ఆటను నేను చూడలేదు.

దాని జబ్బు కూడా ఆ మర్యాదే. ఎంత నానబెట్టినా ఏమీ అనదు. పైగా ఎత్తు వేసేముందు ఆటను ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు, బెడిసికొడితే మళ్ళీ అక్కడికే వెనక్కి వెళ్ళిపోవచ్చు. నేను పటమంతా ఒక్క మధ్యాహ్నంలో గెలిచాను, ఇద్దరే విలుకాళ్ళతో. వాళ్ళలో ఒకడికి జలుబు. బావ మాత్రం ఒక వంతెన దగ్గర తొమ్మిది రోజులుగా కాపురం పెట్టాడు. గురి నూటికి తొంభై అంటుంది ఆట, బాణం పోయి చెట్టుకు గుచ్చుకుంటుంది, బావ వెనక్కి వెళతాడు. మళ్ళీ బాణం, మళ్ళీ చెట్టు, మళ్ళీ వెనక్కి.

ఈలోగా మా అమ్మ నోట్లో పళ్ళు లేవు.

అమ్మ ముప్పయ్యేళ్ళు ఒకే బడిలో లెక్కల టీచరు. శుక్రవారం పొద్దున ఆ బడికి కొత్త భవనం తెరుస్తున్నారు, అమ్మను మాట్లాడమన్నారు. పాత సెట్టు మెట్లమీద పడి రెండు ముక్కలైంది. బోసినోటితో మైకు ముందు నిలబడేది లేదని అమ్మ తెగేసి చెప్పింది. కొత్త సెట్టు మైనం దగ్గరే ఆగింది. మైనంలో గుచ్చిన పళ్ళను అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇత్తడి పెట్టెలో పెట్టి ప్లాస్టర్ పోశారంటే మాత్రం ఇక జరిగేది లేదు, మైనం కరిగించేసి ఆ ఖాళీలో చిగురు రంగు ముద్ద కూరి ఉడికించడమే.

గురువారం మధ్యాహ్నం వెళ్ళి చూస్తే ఇంకా మైనమే.

"ఏం బావా, ఇంకా ప్లాస్టర్ పొయ్యలేదా?"

"పై కోరపన్ను వెంట్రుకవాసి బయటికుందిరా."

"నిన్న లోపలికుందన్నావుగా!"

"అందుకే జరిపా. మొన్నే బాగుండేది. మొన్నటికి వెళ్ళగలిగితే..."

"అది మైనం బావా, ఆట కాదు!"

"పోసేస్తే మళ్ళీ వెనక్కి రాదురా బామ్మర్దీ," అన్నాడు, ఏదో వేదం చెప్పినట్టు.

తల గోడకేసి కొట్టాలనిపించింది. నా తల కాదు.

ఇంతలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మే దిగి వచ్చింది. బల్లమీది ఫోన్ చూసింది.

"అల్లుడుగారూ, ఆ వంతెన దాటితే ఏమవుతుంది?"

"ఓడిపోవచ్చు అత్తయ్యా."

"దాటకపోతే?"

"ఓడిపోం."

"గెలుస్తారా?"

బావ కోరపన్ను వైపు చూశాడు.

"తప్పవుతుందేమోనని కాగితం ఇవ్వని పిల్లలకి నేను సున్నా వేసేదాన్ని." బోసినోట్లోంచి మాట మెత్తగా వచ్చింది, అర్థం మాత్రం మెత్తగా లేదు. అని, చూపుడువేలితో 'వంతు ముగిసింది' అన్న చోట నొక్కేసింది.

"అత్తయ్యా! దాచుకోలేదు!"

ఆ ఆటకున్న రెండో జబ్బు అప్పుడు మొదలైంది. శత్రువు వంతు. అరవై గుర్రాలు, నలభై పడవలు, ఒక్కొక్కటే కదలాలి, మనం గుడ్లప్పగించి చూడాలి. ఆపడానికి లేదు. ఆ లోపు ఒక పెళ్ళి సంబంధం మాట్లాడుకుని రావచ్చు.

అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని ముక్కాలిపీట మీద కూర్చుంది. "ఇప్పుడు మీ చేతులకి పనేమీ లేదుగా? నేను చూస్తుంటాను, మీరు కానివ్వండి."

బావ కాసేపు చేతులు నలుపుకున్నాడు. తర్వాత ఇత్తడి పెట్టె తీశాడు. ప్లాస్టర్ కలిపాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పోసేశాడు.

ఆఖరి పడవ ఒడ్డు చేరేసరికి పెట్టెలో ప్లాస్టర్ రాయైంది.

"వంతెన పోయింది," అంది అమ్మ.

"పోనీండి అత్తయ్యా," అన్నాడు బావ, నీళ్ళు పొయ్యిమీద పెడుతూ.

శుక్రవారం అమ్మ నలభై నిమిషాలు మాట్లాడింది. ఆ గొంతుకి రెండు ఫ్యాన్లు వెనక్కి తిరిగాయి, నేను కళ్ళారా చూశాను. జనమంతా చప్పట్లు కొడుతుంటే మూడో వరసలో బావ ఒక్కడే మెడ చాచి కోరపన్నునే చూస్తున్నాడు.

ఇంటికి వస్తూ దారిలో ఆగాడు. "అత్తయ్యా, ఒక్కసారి ఇస్తే వెంట్రుకవాసి అరగదీసి..."

"ముట్టుకుంటే కరుస్తాను," అంది అమ్మ.