బటాంగ్ బెర్జుంటైలో మా పాప ఉన్న చోటు

బిడ్డను మట్టిలో దాచిన దేశాన్ని పరాయి దేశం అనవచ్చా? తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. కౌలాలంపూర్ వచ్చిన మొదటి ఏడాదే మాకు పాప పుట్టింది. రెండో రోజు పోయింది. నేనింకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాను. మావారు తాను పనిచేసే పామాయిల్ మిల్లున్న ఊరికి, బటాంగ్ బెర్జుంటైకి, తీసుకెళ్ళి పాతిపెట్టి వచ్చారు. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదన్నారు, నేనూ అడగలేదు. తర్వాత ఇక్కడే మలయ్ నేర్చుకున్నాను, బ్రిక్‌ఫీల్డ్స్‌లో పిల్లలకు లెక్కలు చెప్పాను, మొదటిసారి నాకంటూ కొందరు మనుషుల్ని సంపాదించుకున్నాను. ఏడ్చిందీ ఇక్కడే, తేరుకున్నదీ ఇక్కడే. వచ్చే నెల విశాఖ వెళ్ళిపోతున్నాం. ఈలోగా పాపను ఒక్కసారి చూడాలనిపించింది.

దీపావళి ముందు ఆదివారం ఉదయం కెఎల్ సెంట్రల్‌లో కొమ్యూటర్ రైలెక్కాను. గంటలోపే రవాంగ్. టికెట్టు ఐదారు రింగిట్లకు మించదు. అక్కడినుంచి బస్సు కోసం ఎదురుచూడలేక నలభై రింగిట్లకు టాక్సీ మాట్లాడుకున్నాను. తమిళ డ్రైవరు అద్దంలోంచి చూస్తూ, “అక్కడేముందక్కా? పామాయిల్ చెట్లు చూడ్డానికి టాక్సీయా!” అని నవ్వాడు.

“మా పాప ఉంది.”

“ఓ, అక్కడి కాలేజీలో చదువుతోందా?”

తలూపాను.

రమణమ్మ తోట గేటు దగ్గరే నిలబడి ఉంది. వస్తున్నానని ముందే ఫోను చేశాను. మిల్లులో మావారితో పనిచేసిన అప్పన్నగారి భార్య. శ్రీకాకుళం వైపునుంచి రబ్బరు తోటలకు వచ్చినవాళ్ళ మునిమనవరాలు. నేను చూడడం అదే మొదటిసారి. చేతిలో అన్నం డబ్బా.

“ఏటమ్మా, ఇప్పుడా రావడం? నీకోసం సూసి సూసి మా ఆయన పోనాడు కూడా. నడు, ఎండెక్కుతాది లా!” శ్రీకాకుళం యాస చివర ఇక్కడివాళ్ళు మాటమాటకీ తగిలించే ‘లా’.

“ఆడవాళ్ళు రావచ్చా?”

“రాకపోతే అన్నం ఎవులు పెడతారు? మగోళ్ళా?”

చెట్ల వరుసలు దాటాక శ్మశానం. ఒక మూల చిన్న సిమెంటు గట్టు, దాని మీద ఎండకు రంగు వెలిసిన బొమ్మ కారు. పండగ ముందు ఇక్కడివాళ్ళు పోయినవాళ్ళకు అన్నం పెడతారు. రమణమ్మ అరటాకు పరిచి, అన్నం, కోడికూర వడ్డించి, గట్టు మీద అరచేత్తో తట్టింది.

“సింహాద్రీ! ఒరే, మీ యమ్మ వచ్చింది. రారా, తిను.”

“సింహాద్రా?” అన్నాను.

“పేరు లేకపోతే ఏటని పిలుస్తాం? గుడ్డలో సుట్టి తెచ్చినారు, నీ మొగుడు నోరిప్పలేదు. మా ఆయనే వాళ్ళ తాత పేరు పెట్టినాడు. మాకిద్దరూ ఆడపిల్లలే గదా, ఈడు మా గుంటడే అనుకున్నాం. కోపమా?”

“లేదమ్మా.”

ఆడపిల్ల అని చెప్పడానికి నోరు తెరిచాను. రమణమ్మ కూరలోంచి ఎముకలు ఏరి పక్కన పెడుతోంది. “గొంతులో పడతాయి ఈడికి,” అంది.

తిరుగు రైల్లో ఏడ్చాను. ఏళ్ళ తర్వాత గుండె కాస్త తేలికపడింది కూడా. నేను పేరు పెట్టుకోవడానికే భయపడిన బిడ్డను ఎవరో ఇన్నాళ్ళూ పిలిచి అన్నం పెట్టారు. కానీ వాళ్ళు పిలిచింది మా పాపనేనా, తమకు పుట్టని కొడుకునా? మీరు వెళ్ళేటట్లయితే ఫోన్ మ్యాపులో బెస్తారి జయ అని వెతకండి, ఊరి కొత్త పేరు అదే. తిరుగు ప్రయాణానికి టాక్సీని అక్కడే ఆపుకోండి. నేను మాత్రం రమణమ్మకు ఫోను చేద్దామని రోజూ అనుకుంటున్నాను. చెబితే ఆ ముసలామె గట్టు ముందు కూర్చుని ఇక ఏమని పిలుస్తుంది? చెప్పకుండా వెళ్ళిపోతే నా కూతురు ఎప్పటికీ ఆ పిలుపే వింటుంది. చెప్పాలో వద్దో నాకింకా తెలియడం లేదు.