వెర్నా ఎంచుకున్న రివాల్వర్

అమెరికాలో మోంటానా కొండల కింద ఒంటరిగా ఉండే వెర్నా స్టకీకి అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు గుర్రాలకు లాడాలు కొట్టిన ఆమె వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగాయి. నెల కిందట ఎవడో వంటింటి తలుపు బద్దలుకొట్టి చొరబడినప్పటి నుంచి ఇల్లంటేనే బెదురు. మూడు శనివారాలుగా తుపాకుల కొట్టుకొచ్చి, ఒక్కో రివాల్వర్నీ వంకాయలు ఏరినట్టు తిప్పి చూస్తోంది. కోటు జేబులో వేసుకుని నాలుగడుగులు నడుస్తుంది. పెదవి విరిచి తిరిగిచ్చేస్తుంది.

“మొగుణ్ణి కూడా ఇంత ఏరి చేసుకుని ఉండవు వెర్నా,” అన్నాడు కొట్టు యజమాని డ్వైట్. “ఈ తేలికది తీసుకో.”

“అప్పుడు ఏరలేదనేగా ఇప్పుడీ జాగ్రత్త! పేలినప్పుడు తేలికదే చేతిని ఎక్కువ తంతుంది. ఆ బరువైన, పొట్టి గొట్టం, పెద్ద తూటాది ఇటియ్యి.”

కొట్టు వెనక గురి చూసే చోట, తుపాకిమందు తక్కువున్న తూటాలు ఐదు పెట్టి, పళ్ళు బిగించి పేల్చింది. మణికట్టు విరుగుతుందనుకుంది, విరగలేదు. ఐదు చిల్లులూ కాగితం బొమ్మ గుండె మీద అరచేయంత చోట్లోనే పడ్డాయి. వెర్నా రివాల్వర్ బల్ల మీద పెట్టి చేతులు చూసుకుంది.

“ఇవింకా నా మాట వింటున్నాయి డ్వైట్,” అంది, డబ్బు లెక్కపెట్టి ఇస్తూ.

ఆ మధ్యాహ్నం ఇంటికెళ్ళి, కిటికీలన్నీ తెరిచి, సోఫాలో కాళ్ళు చాపుకుని గురకపెట్టి నిద్రపోయింది.